63వ ఎపిసోడ్: తుపాను సంచి సర్దుకుందాం (అనుకున్నాం)

బావ: వస్తోందా? ఎర్ర లైటు వెలిగిందా?

బామ్మర్ది: వెలిగింది బావా. పోయినసారి కూడా ఇదే అడిగావు, అదీ రికార్డయింది.

బావ: సరే కానీయ్. అందరికీ నమస్కారం. 'గోడకి అటూ ఇటూ' 63వ ఎపిసోడ్. నేను బావని.

బామ్మర్ది: నేను బామ్మర్దిని. స్టీలు గ్లాసు, చెంచా దగ్గర పెట్టుకునే కూర్చున్నాను.

బావ: లోపల పెట్టేసెయ్. ఇవాళ వాటితో పనుండదు. అక్టోబరు వచ్చేసింది, ఇవాళ మనం మాట్లాడుకునేది తుపాను సంచి గురించి. తుపాను వస్తోందంటే ఇంట్లో ఏమేం సర్దుకోవాలి, ఎప్పుడు సర్దుకోవాలి. తుని నుంచి ఒకావిడ రాశారు, 'మీరు హుద్‌హుద్ కబుర్లు చాలా చెప్పారు, పనికొచ్చేది ఒక్కటీ చెప్పలేదు' అని.

బామ్మర్ది: నిజమే కదా.

బావ: నిజమే. అందుకే లిస్టు రాసుకొచ్చాను. పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోదాం, అరగంటలో అయిపోతుంది.

బామ్మర్ది: 12వ తారీఖున ఎందుకు పెట్టలేదు ఈ ఎపిసోడ్? మనకి అక్టోబరు 12 అంటే సంవత్సరీకం లాంటిది కదా. 2013 అక్టోబరు 12న ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర. సరిగ్గా ఏడాది తిరిగేసరికి 2014 అక్టోబరు 12న మన విశాఖకి హుద్‌హుద్. 2018లో తిత్లీ 11వ తారీఖున, పలాస దగ్గర. తుపానులకి క్యాలెండరు ఎవరో ప్రింటు చేసి ఇచ్చినట్టే.

బావ: వచ్చాక చెప్పి ఏం లాభం, ముందే చెప్పాలి. మొదటిది టార్చిలైటు. ఫోన్లో లైటు ఉందిగా అనుకోకండి. ఫోను ఒక్కరోజులో చచ్చిపోతుంది. హుద్‌హుద్ అప్పుడు ఛార్జింగ్ కోసం కార్లు స్టార్ట్ చేసి కూర్చున్నారు జనం, గుర్తుందా? ఒక్కో కారు చుట్టూ ఏడెనిమిది ఫోన్లు.

బామ్మర్ది: ఛార్జింగ్ పెట్టుకుని ఏం చేశాం? టవర్లు పడిపోయాయి, సిగ్నలే లేదు. మా ఫ్రెండు వాళ్ళ అన్నయ్య ఫోను చెయ్యెత్తి పట్టుకుని మేడలన్నీ ఎక్కి దిగేవాడు.

బావ: అందుకే రెండోది రేడియో. బ్యాటరీలతో పనిచేసేది. ఆకాశవాణి ఒక్కటే మనకి ప్రపంచం చెప్పింది ఆ నాలుగు రోజులూ. ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయిందని మనకి ఎలా తెలిసింది? మా పెరటి గదిలో ఉండే మాస్టారి ట్రాన్సిస్టర్లో వినేగా. మన ఊళ్ళో జరిగింది ఢిల్లీ వాళ్ళకి టీవీలో కనబడుతోంది, మనకి కనబడట్లేదు.

బామ్మర్ది: మూడు?

బావ: మూడు నీళ్ళు.

బామ్మర్ది: (గొంతు సవరించుకుంటూ) చెప్పు బావా, నీళ్ళ గురించి చెప్పు.

బావ: నీళ్ళంటే... మనిషికి రోజుకి తాగడానికే మూడు, నాలుగు లీటర్లు అనుకోండి. బిందెలు, బక్కెట్లు అన్నీ ముందు రోజే నింపేసుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండా పెట్టుకోవాలి, నిండుగా ఉంటే గాలికి ఎగిరిపోదు కూడా. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే అయిదంతస్తుల అపార్ట్‌మెంటైనా ఒకటే, పూరిల్లయినా ఒకటే. అప్పుడు దిక్కేది? చెప్పు.

బామ్మర్ది: నేను చెప్పను.

బావ: వీధికొక బోరింగ్ ఉంటే...

(టంగ్)

బామ్మర్ది: బావ నోట ఆ మాట రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. మొన్నటి ఎపిసోడ్‌లో నాలుగే.

బావ: నవ్వండి, నవ్వండి. కానీ ఒక్క మాట చెప్పరా, ఆ రోజు వీధి మొత్తాన్ని బతికించింది అవునా కాదా? రెండేళ్ళుగా ఎవడూ ముట్టుకోని బోరింగ్ అది. పిల్లలు దాని హ్యాండిల్ పట్టుకుని ఊగేవాళ్ళు. ఎంత కొట్టినా గాలే వచ్చేది. లోపల తోలు వాషరు ఎండి చీలికలైపోయింది. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన తాతగారు ఏం చేశారు? తన పాత తోలు చెప్పు విప్పి, కంచం బోర్లించి గీత గీసి...

బామ్మర్ది: కంచం కాదు, టీ గ్లాసు. కంచమంత వాషరు ఏ బోరింగ్‌కి ఉంటుంది బావా?

బావ: టీ గ్లాసే, సరే. గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి, మధ్యలో మేకుతో కన్నం పెట్టి బిగించారు. పైనుంచి ఒక చెంబుడు నీళ్ళు పోసి కొడితే, ముందు ఎర్రగా, తుప్పు కంపుతో ఒక పది బిందెలు. తర్వాత తేటగా వచ్చాయి. నేను ఆ నీళ్ళు తాగాను. కాస్త చప్పగా ఉండేవి.

బామ్మర్ది: మనిషికి రెండు బిందెలు. మూడోది కావాలంటే మళ్ళీ క్యూ చివరికి వెళ్ళాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కర్ర పట్టుకుని నిలబడేవాడు. అంతకు ముందు ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళలో సగం మందికి మన వీధిలో బోరింగ్ ఉందనే తెలీదు.

(టంగ్)

బావ: నువ్వన్నావుగా ఇప్పుడు!

బామ్మర్ది: నేనన్నా కొడతాను, రూలు రూలే.

బావ: ఆ తర్వాత రోడ్డు వేసినప్పుడు దాన్ని పీకి పారేశారు. ఇప్పుడక్కడ ఏముంది? సిమెంటు పలక. వార్డులో అర్జీ ఇచ్చాను. మళ్ళీ ఇచ్చాను.

బామ్మర్ది: సంచి, బావా. సంచి. నాలుగోది?

బావ: నాలుగోది మందులు. బీపీ, షుగరు మాత్రలు ఉన్నవాళ్ళు పది రోజులకి సరిపడా తెచ్చుకోవాలి. రెండో రోజు నేను నడిచొస్తున్నప్పుడు మెడికల్ షాపుల ముందు...

బామ్మర్ది: ఆగాగు. ఎక్కణ్ణుంచి నడిచొస్తున్నప్పుడు?

బావ: విజయనగరం నుంచి ఆనందపురం దాకా లారీ. అక్కణ్ణుంచి నడక.

బామ్మర్ది: దసరా ఎపిసోడ్‌లో హనుమంతవాక నుంచి నడిచానన్నావు. హనుమంతవాక నుంచి పెదవాల్తేరు ఎంత బావా? ఇప్పుడు ఆనందపురం అయింది. వచ్చే ఏడాదికి విజయనగరం కోట నుంచే నడుస్తావు.

బావ: మధ్యలో ఒక ట్రాక్టరు ఎక్కాను. నడకే ఎక్కువ. రోడ్డు మీద చెట్టు లేని చోటు లేదు, ఎక్కి దిగడం, పాకి వెళ్ళడం. కిలోమీటరుకి అరగంట పట్టేది. కొండలు చూసి భయం వేసింది నాకు. ముందు వారం పచ్చగా ఉన్న కొండ నిప్పంటించినట్టు గోధుమరంగైపోయింది. ఆకన్నది లేదు. మా వీధి మలుపు తిరిగాను, ఎదురుగా సముద్రం కనబడింది. పాతికేళ్ళు ఉన్నాను ఆ వీధిలో, అక్కణ్ణుంచి సముద్రం కనబడుతుందని నాకు తెలీదు. చెట్లుండేవి కదా అడ్డం.

బామ్మర్ది: ఇది మాత్రం బాగా చెప్తావు.

బావ: అలా వచ్చి ఇంటి ముందు నిలబడితే, గోడ లేదు.

బామ్మర్ది: ఇదిగో. వచ్చేసింది.

బావ: ఏం వచ్చింది? ఉన్నదే చెప్తున్నాను. మా తాత కట్టించిన గోడ. మీ నిద్రగన్నేరు పడి, దాని వేళ్ళు పునాది లేపేసి...

బామ్మర్ది: బావా, నువ్వు ఆ రోజు ఊళ్ళోనే లేవు.

బావ: లేకపోతేనేం? ఇటుకలు చూశాను.

బామ్మర్ది: ఇటుకలు చూసి తీర్పు చెప్పేశాడండీ. నేనున్నాను ఆ రోజు.

బావ: నువ్వెక్కడున్నావు? మంచం కింద ఉన్నావు. పధ్నాలుగేళ్ళ వాడివి, చెవుల్లో దూది పెట్టుకుని మంచం కింద పడుకున్నావని మీ అక్కే చెప్పింది.

బామ్మర్ది: తలుపు కొట్టుకుంటుంటే నువ్వయినా దూరేవాడివి. సరే, ఈ రోజు తేల్చేద్దాం. ఇదిగో అగ్గిపెట్టె. ఇది గోడ. ఈ చెంచా మా చెట్టు.

బావ: వినేవాళ్ళకి ఏం కనబడుతుందిరా?

బామ్మర్ది: నేను చెప్తాగా. మీ ఇల్లు ఉత్తరం, మా ఇల్లు దక్షిణం, మధ్యలో అగ్గిపెట్టె. చెట్టు మా వైపు, గోడకి రెండడుగుల్లో ఉంది. తుపాను గాలి మన దగ్గర గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అది సముద్రంలో మనకి ఎదురుగా ఉన్నంతసేపూ మనకి ఉత్తరపు గాలి. పొద్దున్నుంచీ హోరుమని కొట్టింది అదే. ఆ గాలికి మా చెట్టు ఎటు పడాలి?

బావ: దక్షిణానికి.

బామ్మర్ది: దక్షిణానికే పడింది. మా బాత్‌రూమ్ రేకుల మీద. మీ గోడకి పూర్తిగా అవతలి వైపు. మరి మీ గోడ ఇటుకలు ఎటు పడ్డాయి?

బావ: మా వైపు.

బామ్మర్ది: అంటే ఉత్తరానికి! చెట్టు ఒక దిక్కు, గోడ ఒక దిక్కు. మధ్యాహ్నం 12, ఒంటిగంట మధ్యలో తీరం దాటింది తుపాను. కన్ను, అంటే తుపాను నడిమధ్య గాలి లేని చోటు, మన మీంచి పోయింది. కన్ను పోయాక గాలి తిరగబడింది, దక్షిణం నుంచి మొదలైంది, మొదటిదానికంటే ఘోరంగా. గంటకి 170, 180 కిలోమీటర్ల వేగం. స్తంభం లేని ఒంటి ఇటుక గోడ, పాతికడుగుల పొడవు, దానికి ఆగుతుందా? గోడని పడేసింది దక్షిణం గాలి. అప్పటికి మా చెట్టు పడి రెండు గంటలైంది. పాపం అది.

బావ: నీకు చెట్టు గురించి తెలీదు. నిద్రగన్నేరు వేళ్ళు లోతుకి పోవు, పక్కకి పోతాయి. మా గోడ పునాది కిందికి పాకాయి. చెట్టు దక్షిణానికి ఒరిగితే ఉత్తరం వైపు వేళ్ళు పైకి లేస్తాయా లేవా? మీ వైపున్న దక్షిణం అంచున పునాది లేస్తే గోడ ఎటు పడుతుంది? మా వైపే పడుతుంది. వేళ్ళకి సిమెంటు పట్టుకుని ఉండడం నేను కళ్ళారా చూశాను.

బామ్మర్ది: ఎంత సిమెంటు? గుప్పెడు.

బావ: పునాది సిమెంటే అది!

బామ్మర్ది: మరి మా నాన్న గోడ మొత్తం సొంత డబ్బుతో ఎందుకు కట్టించాడు? అది చెప్పు. ఇటుక, ఇసుక, మేస్త్రీ కూలీ, అన్నీ. మీ వాళ్ళు ఒక్క రూపాయి ఇచ్చారా? ఊళ్ళో మేస్త్రీలు దొరక్క రోజుకూలీ రెట్టింపైన టైమది. నాకు స్కూలు ఎక్స్‌కర్షన్ డబ్బులు ఇవ్వలేదు ఆ ఏడు. అరకు తీసుకెళ్ళారు అందర్నీ. నేను వెళ్ళలేదు.

బావ: అరకు మళ్ళీ వచ్చింది. మావయ్యే అన్నారు, 'మా చెట్టు వల్ల పడింది, మేమే కట్టిస్తాం' అని. మా నాన్న అడగలేదు. మీ చెట్టు తప్పు లేకపోతే ఆయన ఎందుకంటారు అలాగ?

బామ్మర్ది: మంచివాడు కాబట్టి! మీరు ఏమీ అనకుండా ముఖం చూస్తూ కూర్చుంటే ఏం చేస్తాడు?

బావ: మేం ముఖం చూస్తూ కూర్చోలేదు. ఏడు నెలలు గోడ లేకుండానే ఉన్నాం. ఎవరూ తొందర పెట్టలేదు. మీ ఇంట్లోంచి మా పెరట్లోకి, మా పెరట్లోంచి బోరింగ్ దగ్గరికి...

(టంగ్)

బావ: ...అదే దగ్గర దారి. సగం వీధి మన రెండిళ్ళ మధ్యనుంచే బిందెలు మోసుకెళ్ళేది. మొదటి రోజు సాయంత్రం నీకు గుర్తుందో లేదో, ఆరిళ్ళ ఇడ్లీ పిండి మా వరండాలోకి వచ్చింది. ఫ్రిజ్‌లు పనిచెయ్యవు, పులిసిపోతుంది కదా. ఒకళ్ళ పిండి తెల్లగా, ఒకళ్ళది రవ్వ ఎక్కువై గరుకుగా. ఒకే పళ్ళెంలో ఆరు రకాల ఇడ్లీలు.

బామ్మర్ది: మొదటి రోజు సాయంత్రం నువ్వు లేవు.

బావ: రెండో రోజు. అప్పటికి ఇంకా పుల్లగా అయ్యాయి. చేపలన్నీ మొదటి రోజే వండేశారట, నాకు ముల్లు కూడా మిగల్లేదు. ఏదేమైనా గోడ పడింది కాబట్టే నేను ఇక్కడ కూర్చున్నాను.

బామ్మర్ది: ఆ టాపిక్ వద్దు. అక్క వింటోంది.

అక్క: (దూరం నుంచి) వింటూనే ఉన్నాను ఇందాకణ్ణుంచీ.

బావ: రా, నువ్వు చెప్పు. గోడ ఎలా పడింది? మైకు దగ్గరికి రా.

అక్క: పొయ్యి మీద పప్పుంది.

బామ్మర్ది: ఒక్క నిమిషం అక్కా. గాలికి పడిందా, చెట్టుకి పడిందా? నువ్వు కిటికీ దగ్గర ఉన్నావు కదా.

అక్క: ఆపండిరా ఇద్దరూ. పదేళ్ళు దాటింది. గాలికీ కాదు, చెట్టుకీ కాదు. నాన్న పడగొట్టాడు.

బామ్మర్ది: ఏ నాన్న?

అక్క: మనకెంతమంది నాన్నలున్నారు? గునపం పెట్టి పడగొట్టాడు. నేను చూశాను. నేను ఇటుకలు లాగాను కూడా.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

బావ: ఎప్పుడు?

అక్క: కన్ను మన మీద ఉన్నప్పుడు. ఒక్కసారి హోరు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. చెవుల్లో మాత్రం ఇంకా మోగుతోంది. ఎండ కూడా వచ్చినట్టే వచ్చింది. పక్కింటి పిల్లలు బయటికొచ్చి కేరింతలు కొడుతున్నారు, అయిపోయిందనుకుని. నాన్న అరిచాడు, 'లోపలికి పొండి, ఇది సగమే' అని. అప్పుడు వినబడింది దగ్గు. మీ పెరట్లోంచి.

బావ: మాస్టారు.

అక్క: మీరంతా విజయనగరం వెళ్ళారు. ఇంటికి తాళం, గేటుకి తాళం. వెనకాల రేకుల గదిలో ఆయన ఒక్కడే. నాన్న గోడ మీంచి చూశాడు. రేకులు లేవు. నాలుగు గోడలు, మధ్యలో ఆయన గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయాసం మనిషి. మన గేటు ముందు కరెంటు స్తంభం పడిపోయింది, వీధిలోంచి తిరిగి వెళ్ళడానికి లేదు. అయిదడుగుల గోడ, ఆయన ఎక్కలేరు. ఎంతసేపు ఉంటుందో తెలీదు ఆ విరామం. నాన్న గునపం తెచ్చాడు.

బామ్మర్ది: నేనెక్కడున్నాను?

అక్క: మంచం కింద.

బామ్మర్ది: ...

అక్క: గోడ అప్పటికే కొంచెం ఒరిగి ఉంది. ఇటో అటో తెలీదు, వేళ్ళ వల్లో గాలి వల్లో నన్నడక్కండి. కింద నాలుగు వరసలు తవ్వి, భుజం పెట్టి తోశాడు, మీ వైపుకి పడింది. సగమే పడింది, మిగతా సగం తర్వాత గాలికి పోయింది. మాస్టార్ని కుర్చీతో సహా లాగాం, నేను ముందు కాళ్ళు పట్టుకున్నాను. ఆయన ఒక చేత్తో ట్రాన్సిస్టర్ పట్టుకున్నారు, ఒక చేత్తో గొడుగు. గొడుగు ముయ్యండి మాస్టారూ అంటే వినరు. ఇంట్లోకి తెచ్చి తలుపు గడియ పెట్టానో లేదో, దక్షిణం నుంచి మొదలైంది.

బావ: ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

అక్క: ఆయన ఆ సాయంత్రమంతా ఒకటే అడిగారు, 'నీళ్ళొచ్చాయా, నీళ్ళొచ్చాయా' అని. గాలి గురించి భయం లేదు ఆయనకి. 1977లో అవనిగడ్డ దగ్గర బళ్ళో పనిచేసేవారట. నవంబరు 19, దివిసీమ ఉప్పెన. 10 వేల మందికి పైగా పోయారు కదా. ఆయన క్లాసు రిజిస్టరు ఒకటి ట్రంకు పెట్టెలో ఉండేది, తడవకుండా నూనె గుడ్డలో చుట్టి. మనమంతా పడిన చెట్లు లెక్కపెట్టుకుంటుంటే ఆయన గుమ్మం దగ్గర నేల తడిమి చూసుకునేవారు.

(కుక్కరు కూత)

అక్క: పప్పు.

బావ: ఆగు, ఆగు. మావయ్య మరి చెట్టు పడేసిందని ఎందుకు చెప్పారు?

అక్క: ఊళ్ళో లేనివాళ్ళ గోడ పగలగొట్టామంటే ఏం బాగుంటుంది? గోడకి అటూ ఇటూ అప్పటికి మనం అంత మాటల్లో లేం కదండీ. మీ తాతగారి టైములో సరిహద్దు గొడవ ఉండేది. అందుకని చెట్టు మీద పెట్టాడు. కట్టించేస్తే అయిపోతుందనుకున్నాడు.

బావ: మా నాన్నకి తెలుసా?

అక్క: ఊరి నుంచి వచ్చిన రోజే తెలిసిపోయింది మావయ్యగారికి. గునపం దెబ్బ తెలీదా ఆయనకి? కింద వరసలో ఇటుకలు చూసి, మాస్టారు మా ఇంట్లో ఉండడం చూసి, ఏమీ అనలేదు. అందుకే ఏడు నెలలు గోడ ఊసెత్తలేదు.

బామ్మర్ది: మరి నువ్వెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ? మేం ఈ గోడ మీద మూడు ఎపిసోడ్లు చేశాం!

అక్క: మీరు నన్ను అడిగారా? అగ్గిపెట్టెల్ని అడిగారు, చెంచాల్ని అడిగారు.

(అడుగుల చప్పుడు. లోపల గిన్నెలు)

బామ్మర్ది: బావా.

బావ: ఊఁ.

బామ్మర్ది: అరకు డబ్బులు మాస్టారి కోసం పోయాయన్నమాట.

బావ: ఆయన నీకు లెక్కలు చెప్పారు కదరా ఆ ఏడంతా. ఫ్రీగా.

బామ్మర్ది: చెప్పారు. చెంప మీద కొట్టి మరీ చెప్పారు. ఆయనకి ఇన్సులిన్ కూడా ఉండేది గుర్తుందా? ఫ్రిజ్ లేదు. అమ్మ కుండలో తడి ఇసుక పోసి, సీసాలు కవరులో చుట్టి అందులో పెట్టేది. నా డ్యూటీ పొద్దునా సాయంత్రం ఇసుక తడపడం. తొమ్మిదో రోజు కరెంటొచ్చేదాకా. వీధంతా ఈలలు వేసింది కరెంటొచ్చినప్పుడు. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి అమ్మ బొబ్బట్లు పెట్టింది. వేరే జిల్లా నుంచి వచ్చాడు అతను, వారమైంది ఇల్లు చూసి అన్నాడు.

బావ: దీపావళి 23న కదా ఆ ఏడు. ఎండిన కొమ్మలు రోడ్డు పక్కన మేడంత ఎత్తు పోగులు. నిప్పురవ్వ పడితే వీధే లేచిపోతుంది. మన వీధిలో ఒక్కరూ టపాసులు కాల్చలేదు.

బామ్మర్ది: నేను ఒక మతాబు కాల్చాను. బాత్‌రూమ్‌లో. రేకులు లేని బాత్‌రూమ్‌లో.

బావ: ఇది కొత్త సంగతి. ఇవాళ అందరూ బయటపెట్టేస్తున్నారు.

బామ్మర్ది: అయితే ఒక డౌటు. అక్క ఏమంది, సగం గోడ నాన్న, సగం గాలి. ఆ రెండో సగం దక్షిణం గాలికే కదా పోయింది? అంటే నేను చెప్పినదాంట్లో సగం కరెక్టు.

బావ: 'అప్పటికే ఒరిగి ఉంది' అని కూడా అంది. ఎందుకు ఒరిగింది? వేళ్ళు.

బామ్మర్ది: అది ఉత్తరం గాలికి ఒరగచ్చు.

బావ: ఉత్తరం గాలికైతే మీ వైపు ఒరగాలి. మావయ్య మా వైపు ఎలా తోశారు అంత సులువుగా?

బామ్మర్ది: కింద నాలుగు వరసలు తవ్వేశాక ఎటు తోస్తే అటు పడుతుంది బావా!

అక్క: (లోపల్నుంచి) లిస్టు చదవండి. తుని ఆవిడ వింటున్నారు.

బావ: అయ్యో, అవును. ఎక్కడున్నాం? నాలుగు, మందులు. అయిదు, నగదు. ఏటీఎంలు పనిచెయ్యవు, నోట్లు ఉంచుకోండి, అందులోనూ చిల్లర. పెద్ద నోటిస్తే పాలవాడు చిల్లర లేదని మొత్తం ఉంచేసుకుంటాడు. పాల ప్యాకెట్టు వంద దాకా అమ్మినవాళ్ళున్నారు ఆ రోజుల్లో.

బామ్మర్ది: ఊరికే ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. మలుపు దగ్గర బడ్డీకొట్టాయన బిస్కెట్లన్నీ పిల్లలకి పంచేశాడు, ఎలుకలు తినే బదులు మీరు తినండర్రా అని.

బావ: ఆరు, కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా కట్టండి. ఏడు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు.

బామ్మర్ది: గోడకి పనికొస్తాయి.

బావ: ఎనిమిది, తాడు. తొమ్మిది, కత్తి, రంపం. వీధికి ఒక్క రంపం ఉన్నా చాలు. మన వీధికి ఉన్నది ఒక్కటే, ఇంటింటికీ తిరిగి మొద్దుబారిపోయింది. పది, హెచ్చరికలు. వాతావరణ శాఖ రంగులు చెప్తుంది కదా, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక కదలమని. పోర్టులో నంబర్లు వేరే. మనకి పదో నంబరు ఎగరేశారు ఆ రోజు.

బామ్మర్ది: పదకొండో నంబరు ఏంటో తెలుసా? తుపాను హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని అర్థం. చెప్పేవాడికే ఫోను లేదని చెప్పే జెండా అన్నమాట.

బావ: కన్ను గురించి కూడా చెప్పండి పిల్లలకి. గాలి ఆగిందని బయటికి రావద్దు. అక్క చెప్పింది కదా, సగమే అయింది అప్పటికి. పదకొండు...

బామ్మర్ది: నేను చెప్పనా పదకొండు?

బావ: చెప్పు.

బామ్మర్ది: గునపం.

బావ: (నవ్వు) నేను రాసుకున్నది అది కాదు.

బామ్మర్ది: నువ్వేం రాసుకున్నావో చూపించు. ఇటివ్వు కాగితం. బావా! 'వీధికొక...'

(టంగ్ టంగ్ టంగ్)

బావ: ఊరుకో. మూడో అర్జీ రేపు ఇస్తున్నాను. సంతకాలు కావాలి, మన వీధి వాళ్ళెవరైనా వింటుంటే సాయంత్రం ఇంటికి రండి. వాషరు ఖర్చు నాది.

అక్క: (లోపల్నుంచి) కుళాయి వచ్చింది! అరగంటే ఉంటుందట ఇవాళ, ఎవరో ఒకరు వచ్చి డ్రమ్ము పట్టండి.

బావ: నువ్వెళ్ళు.

బామ్మర్ది: నీళ్ళ మీద ప్రేమ నీకు కదా, నువ్వెళ్ళు.

బావ: ఒరేయ్, బిందె ఏది? ఆ పెద్దది... అది ఆపావా? ఎర్ర లైటు ఇంకా...